ఎకరానికి ఎన్ని బస్తాలు? నేను ఒక్క అంకె చెప్పడం ఎందుకు మానేశానంటే



మూడేళ్ల కిందట సార్వాలో నా వరి చేను మీద ఒక వీడియో పెట్టాను. జీవామృతం, ఘనజీవామృతం మీదే పండించిన సాంబ మసూరి. అందులో గట్టు మీద నిలబడి "ఎకరానికి 26 బస్తాలు వస్తాయి" అని ధీమాగా చెప్పాను. ఆ వీడియో ఇప్పుడు మీకు కనపడదు, తీసేశాను. ఎందుకు తీసేశానో, ఆ అంకె దగ్గర నేను చేసిన తప్పేంటో, ఇప్పుడు అదే లెక్క ఎలా వేస్తున్నానో ఈ పాఠంలో రాస్తున్నాను.

పైన ఉన్న కొత్త వీడియోలో కోత, నూర్పిడి, తూకం అన్నీ చూపించాను. లెక్క మాత్రం గబగబా అయిపోయింది. "అన్నా, చివరి ఐదు నిమిషాలు బుర్రకెక్కలేదు" అని చాలామంది అన్నారు. అందుకే ఇక్కడ నిదానంగా చెబుతున్నాను. ఒక కాగితం, పెన్ను, ఫోన్‌లో కాలిక్యులేటర్ ఉంటే చాలు.

26 ఎలా వచ్చింది

కోతకి వారం ముందు పశువుల పాక వైపున్న మడిలో 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు తాడు కట్టి కోశాను. నూర్చి, ఎండబెట్టి, తాలు పోగొట్టి తూచితే 12 కేజీలు వచ్చింది. ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. మన ముక్క 25 చదరపు మీటర్లు. అంటే ఎకరంలో అలాంటి ముక్కలు 162. పన్నెండుని 162తో గుణిస్తే 1,944 కేజీలు. 75 కేజీల బస్తాలో చెబితే దాదాపు 26.

కొలతలో తప్పు లేదు, కాటాలో తప్పు లేదు, గుణకారంలోనూ తప్పు లేదు. తప్పంతా ఆ మడి దగ్గరికి నడిచిన నా కాళ్లలో ఉంది. కెమెరాకి బాగుంటుందని చేనులో ఎక్కడ కంకి బరువుగా వాలిందో అక్కడికే వెళ్లాను.

నాకున్నది 3 ఎకరాలు. 26 లెక్కన 78 బస్తాలు వస్తాయని బియ్యానికి ఆర్డర్లు తీసుకున్నాను. కోత అయ్యాక కాటా వేస్తే 63 బస్తాలే. 15 బస్తాలు తక్కువ. బస్తాకి 45 కేజీల బియ్యం అనుకున్నా 675 కేజీలు. ఫోన్లు చేసి క్షమాపణ చెప్పి, అడ్వాన్సులు తిరిగిచ్చాను. అది నా నష్టం, నేను భరించాను.

అసలు బాధ తర్వాతి ఏడాది వచ్చింది. ఒక కౌలు రైతు ఫోన్ చేశాడు. "అన్నా, మీ 26 బస్తాల వీడియో చూసే ఎకరానికి 12 బస్తాల కౌలుకి ఒప్పుకున్నాను. 26లో 12 పోతే 14 మిగులుతుంది కదా అనుకున్నాను. మీరు చెప్పినట్టే అన్నీ చేశాను. 18 వచ్చాయి. కౌలు ఇచ్చేస్తే ఆరు" అన్నాడు. ఆయన నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ రాత్రి డిప్లొమా నాటి స్టాటిస్టిక్స్ నోట్సు తీశాను. పరీక్ష కోసం బట్టీ పట్టి, పరీక్ష హాల్లోనే వదిలేసిన పాఠం ఒకటి అందులో ఉంది. కాన్ఫిడెన్స్ ఇంటర్వల్. తెలుగులో విశ్వాస అంతరం అనొచ్చు. పేరు చూసి భయపడకండి. "సగటు ఇంత ఉంటుంది, ఇంత అటూ ఇటూ కావచ్చు" అని చెప్పడమే. ఆ "అటూ ఇటూ" ఎంతో నోటికొచ్చినట్టు కాకుండా మన కొలతల నుంచే తీయడం ఇందులో ఉన్న విద్య.

ముందు తేల్చుకోవాల్సింది: ఎవరి సగటు?

నా 3 ఎకరాల్లో 25 చదరపు మీటర్ల ముక్కలు 486 ఉంటాయి. ఆ 486 ముక్కల్నీ విడివిడిగా తూచి సగటు తీస్తే వచ్చేది అసలు సగటు. స్టాటిస్టిక్స్‌లో ఆ 486 ముక్కల మొత్తాన్ని జనాభా అంటారు. ఇక్కడ జనాభా అంటే మనుషులు కాదు, మనం దేని గురించి మాట్లాడుతున్నామో ఆ మొత్తం. అందులోంచి తీసి కొలిచిన కొద్ది ముక్కలు నమూనా.

నమూనా చేతిలో ఉంటుంది. అసలు సగటు చేనులో ఉంటుంది, కోత పూర్తయ్యేదాకా కనపడదు. నమూనాని చూసి అసలు సగటు ఎక్కడెక్కడ ఉండొచ్చో చెప్పడమే మన పని.

ఇక్కడే ఆ కౌలు రైతు విషయంలో జరిగిన రెండో తప్పు ఉంది. నా 486 ముక్కల జనాభాలో ఆయన పొలం లేదు. ఆయన నేల వేరు, నీరు వేరు, అంతకుముందు ఆ భూమిలో వేసిన ఎరువులు వేరు. నేను నా చేను సగటుని ఎంత పద్ధతిగా కొలిచినా, అది ఆయన చేనుకి హామీ కాదు. నా ఈ ఏడాది సగటు నా వచ్చే ఏడాదికి కూడా హామీ కాదు. కొలత ఏ పొలంలో, ఏ సీజన్‌లో జరిగిందో ఆ పొలానికి, ఆ సీజన్‌కే చెల్లుతుంది. ఈ ముక్క నేను వీడియోలో అనలేదు.

చోటు మనం ఎంచుకోకూడదు

రెండో ఏడాది కోతకి ముందు తొమ్మిది చోట్ల కొలవాలనుకున్నాను. ఎక్కడెక్కడ అన్నది చీటీలకి వదిలేశాను.

నా చేను పొడవు 120 మీటర్లు, వెడల్పు 101 మీటర్లు. నైరుతి మూల నుంచి మొదలుపెట్టాను. సర్కారు వాళ్ల పంట కోత ప్రయోగాల్లో కూడా ఆ మూల నుంచే అడుగులు లెక్కపెడతారు. ఒక డబ్బాలో 0 నుంచి 115 దాకా, ఇంకో డబ్బాలో 0 నుంచి 96 దాకా చీటీలు వేశాను. చివర 5 మీటర్లు వదిలింది ముక్క చేను బయటికి పోకుండా. మొదటి డబ్బాలో 43, రెండో డబ్బాలో 70 వస్తే పొడవున 43 మీటర్లు, వెడల్పున 70 మీటర్లు వెళ్లి అక్కడ తాడు కట్టాలి. ముక్క గట్టు మీద పడితే ఆ చీటీలు పక్కనపెట్టి మళ్లీ తీయాలి.

ఒక చీటీ సరిగ్గా మురుగు నిలిచే మూలకి తీసుకెళ్లింది. నాతో వచ్చిన బాబాయ్ "ఒరేయ్, ఇది వదిలేయరా, ఇక్కడ ఎప్పుడూ పండదు" అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. కానీ ఆ మూల కూడా నా 3 ఎకరాల్లోదే కదా! దానికీ దుక్కి దున్నాను, దానికీ జీవామృతం పోశాను. గట్టు మీద పడ్డ చీటీని వదిలేయడం ముందే పెట్టుకున్న నియమం. పంట బాగాలేదని వదిలేయడం మోసం. కోశాను.

ఎండబెట్టాక తొమ్మిది తూకాలు, కేజీల్లో:

8.2, 11.4, 9.6, 10.8, 7.9, 10.1, 9.3, 12.0, 9.8

లెక్క, ఐదు మెట్లు

మొదటి మెట్టు, సగటు. అన్నీ కూడితే 89.1. తొమ్మిదితో భాగిస్తే 9.9 కేజీలు.

రెండో మెట్టు, ఒక్కో తూకం సగటుకి ఎంత దూరంలో ఉందో చూడాలి. 8.2 అయితే 1.7 తక్కువ, 11.4 అయితే 1.5 ఎక్కువ. అలా తొమ్మిదింటికీ తేడా రాసి, ఒక్కో తేడాని దానితోనే గుణించాలి. 1.7 × 1.7 = 2.89, 1.5 × 1.5 = 2.25, ఇలా. వరసగా 2.89, 2.25, 0.09, 0.81, 4.00, 0.04, 0.36, 4.41, 0.01. అన్నీ కూడితే 14.86.

మూడో మెట్టు, ఆ 14.86ని ఎనిమిదితో భాగించాలి. తొమ్మిదితో కాదు, ఒకటి తగ్గించి. ఎందుకంటే తేడాలన్నీ మన నమూనా సగటు నుంచే తీశాం, అసలు సగటు నుంచి కాదు. నమూనా తన సొంత సగటుకి కాస్త దగ్గరగానే కనపడుతుంది. ఆ లోటు పూడ్చడానికే ఒకటి తగ్గిస్తాం. 14.86 ÷ 8 = 1.86. దీనికి వర్గమూలం తీస్తే 1.36. దీన్ని ప్రామాణిక విచలనం అంటారు. నా చేనులో ముక్కకీ ముక్కకీ ఎంత ఎగుడుదిగుడు ఉందో ఇది చెబుతుంది.

నాలుగో మెట్టు, ఆ 1.36ని ముక్కల సంఖ్య వర్గమూలంతో భాగించాలి. తొమ్మిదికి వర్గమూలం 3. 1.36 ÷ 3 = 0.454. ఇది ప్రామాణిక దోషం. ఇక్కడ దోషం అంటే మనం చేసిన తప్పు అని కాదు. మళ్లీ వేరే తొమ్మిది చీటీలు తీస్తే సగటు ఎంత ఊగుతుందో దాని కొలత.

ఈ రెండు మాటల మధ్య తేడా గట్టిగా పట్టుకోండి. ముక్కలు ఒకదానికొకటి చాలా తేడాగా ఉండొచ్చు. తొమ్మిది ముక్కల సగటు అంతగా ఊగదు, ఎందుకంటే ఎక్కువ పండిన ముక్క తక్కువ పండినదాన్ని సర్దేస్తుంది.

ఐదో మెట్టు, ఆ 0.454ని టి పట్టికలోని అంకెతో గుణించాలి. తొమ్మిది ముక్కలకి, 95 శాతం నమ్మకానికి ఆ అంకె 2.306. గుణిస్తే 1.05. ఇదే మన "అటూ ఇటూ".

9.9లోంచి 1.05 తీసేస్తే 8.85. కలిపితే 10.95.

ముక్కకి కేజీల్ని ఎకరానికి బస్తాల్లోకి మార్చడానికి సులువు దారి ఉంది. 162ని 75తో భాగిస్తే 2.16. కేజీల్ని 2.16తో గుణిస్తే ఎకరానికి బస్తాలు. అంటే నా చేను సగటు 21.4 బస్తాలు. ఇంటర్వల్ 19.1 నుంచి 23.7 బస్తాలు.

26 ఎక్కడ ఉంది? ఈ హద్దుల్లోనే లేదు. తొమ్మిది ముక్కల్లో ఒకటి 12 కేజీలు తూగింది, అంటే 26 బస్తాల లెక్క చెప్పే ముక్క ఈసారి కూడా చేనులో ఉంది. కానీ అది ఒక ముక్క, చేను కాదు.

మురుగు మూలలో కోసిన 7.9ని, దాని తర్వాత తక్కువ తూగిన 8.2ని బాబాయ్ మాట విని వదిలేసి ఉంటే? మిగిలిన ఏడింటి సగటు 10.43 కేజీలు, అంటే 22.5 బస్తాలు. రెండు చీటీలు చించేస్తే ఎకరానికి బస్తాకి పైగా పెరిగిపోయింది, అదీ కాగితం మీదే.

ఈ 2.306 ఎక్కడిది?

ఇది మన వృత్తికి దగ్గర కథ. విలియం గాసెట్ అనే ఆయన ఐర్లాండ్‌లోని డబ్లిన్‌లో గిన్నిస్ బీరు కంపెనీలో పనిచేసేవాడు. బీరుకి బార్లీ కావాలి. బార్లీ పరీక్షల్లో చేతికొచ్చే కొలతలు నాలుగో, అయిదో, పదో. అప్పటికి ఉన్న లెక్కలు వందల కొలతలు ఉంటేనే సరిగ్గా పనిచేసేవి. కొద్ది కొలతలతో ఎంత నమ్మొచ్చో తేల్చి 1908లో ఒక వ్యాసం ప్రచురించాడు. సొంత పేరు పెట్టకుండా "స్టూడెంట్" అనే పేరుతో రాశాడు. అందుకే ఈనాటికీ దాన్ని స్టూడెంట్ టి అంటారు. కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ అనే ఆలోచనకి పూర్తి రూపం ఇచ్చినవాడు యెర్జీ నేమన్, 1937లో. ఆయన కూడా కుర్రతనంలో పోలండ్‌లో ఒక వ్యవసాయ సంస్థలో లెక్కలు చూసినవాడే. మనం వాడే ఈ లెక్కకి పుట్టినిల్లు పొలమే అనుకోవచ్చు.

95 శాతానికి టి అంకెలు కొన్ని రాస్తున్నాను, దాచుకోండి:

4 ముక్కలకి 3.182
5 ముక్కలకి 2.776
6 ముక్కలకి 2.571
9 ముక్కలకి 2.306
16 ముక్కలకి 2.131
25 ముక్కలకి 2.064
36 ముక్కలకి 2.030

ముక్కలు పెరిగేకొద్దీ ఇది 1.96 వైపు దిగుతుంది. ముక్కలు తక్కువైతే అంకె పెద్దది. తక్కువ చూసినవాడు తక్కువ ధీమాగా మాట్లాడాలి అని పట్టిక చెబుతోంది అనమాట. మరి ఒక్క ముక్కకి? పట్టికలో ఆ వరసే లేదు. ఒక్క ముక్కతో ఎగుడుదిగుడు ఎంతో తెలియదు కాబట్టి ఇంటర్వల్ రానే రాదు. నా పాత వీడియో నిలబడింది ఆ లేని వరస మీదే.

95 శాతం అంటే ఏంటి, ఏది కాదు

ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే. నేనూ పొరబడ్డాను.

95 శాతం ముక్కలు 8.85కి, 10.95కి మధ్య ఉంటాయని దీని అర్థం కాదు. నా తొమ్మిదింటిలోనే చూడండి. 7.9, 8.2, 11.4, 12.0, నాలుగు బయటే ఉన్నాయి. ఇంటర్వల్ చెప్పేది చేను మొత్తం సగటు గురించి, ఒక్కో ముక్క గురించి కాదు.

మరి 95 దేని లెక్క? కోడిగంపతో చెబుతాను. చీకటి పడ్డాక పెరట్లో ఒక గుంజకి కోడిని కట్టేశారు. అది కదలదు, మనకి కనపడదు. అరుపు వినపడిన దిక్కుగా గంప తెచ్చి బోర్లిస్తాం. కొన్నిసార్లు కోడి గంప కింద ఉంటుంది, కొన్నిసార్లు గంప పక్కన పడుతుంది. గంప సైజు ఎలా అల్లారంటే, ఇలా వందసార్లు బోర్లిస్తే సుమారు 95 సార్లు కోడి లోపలే ఉంటుంది.

కోడి అంటే అసలు సగటు. అరుపు మన నమూనా. గంప ఇంటర్వల్. కదిలేది గంప, కోడి కాదు. చీటీలు మళ్లీ తీస్తే గంప ఇంకో చోట పడుతుంది, చేను సగటు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఒకసారి గంప బోర్లించాక కోడి లోపల ఉన్నట్టో, లేనట్టో. 95 అనేది గంప వేసే పద్ధతి మీద నమ్మకం. వందలో అయిదుసార్లు అన్నీ సక్రమంగా చేసినా గంప తప్పుతుంది, మనకి ఆ సంగతి తెలియను కూడా తెలియదు.

గంప ఎత్తి చూడటమంటే చేనంతా కోసి కాటా వేయడమే. ఆ ఏడాది కోశాక 3 ఎకరాలకి 61 బస్తాలు వచ్చాయి. ఎకరానికి 20.3. కోడి గంప కిందే ఉంది. కానీ ఈసారి నేను ఆర్డర్లు తీసుకున్నది 21.4 మీద కాదు, కింది హద్దు 19 మీద. 57 బస్తాలకే మాటిచ్చాను. ఎవరికీ ఫోన్ చేసి క్షమాపణ చెప్పుకోవాల్సిన పని పడలేదు.

గంప చిన్నది కావాలంటే

19.1 నుంచి 23.7 అంటే నాలుగున్నర బస్తాల వెడల్పు. ఇంకా దగ్గరగా చెప్పలేమా? రెండు దారులు కనపడతాయి.

ఒకటి, నమ్మకం తగ్గించుకోవడం. 90 శాతం చాలనుకుంటే టి అంకె 1.860, ఇంటర్వల్ 9.05 నుంచి 10.75 కేజీలకి వస్తుంది. 99 శాతం కావాలంటే అంకె 3.355, ఇంటర్వల్ 8.38 నుంచి 11.42 దాకా సాగుతుంది. గంప చిన్నదైతే కోడి తప్పే అవకాశం ఎక్కువ. ఇది నిజంగా కొత్త సమాచారం తెచ్చే దారి కాదు, మాట మార్చడం అంతే.

రెండోది, ముక్కలు పెంచడం. అయితే ప్రామాణిక దోషంలో భాగించేది వర్గమూలంతో. తొమ్మిదిని పద్దెనిమిది చేస్తే వెడల్పు సగం కాదు. సగం కావాలంటే నాలుగు రెట్లు, అంటే 36 ముక్కలు కోయాలి. ఎగుడుదిగుడు అదే 1.36 అనుకుంటే "అటూ ఇటూ" 0.46 కేజీకి తగ్గుతుంది, బస్తాల్లో చెబితే ఒకటి. 36 ముక్కలు కోసి, విడివిడిగా నూర్చి, ఎండబెట్టడానికి ఎన్ని కూలీలో ఆలోచించండి. నా మట్టుకు 3 ఎకరాలకి తొమ్మిది నుంచి పన్నెండు చాలు అనిపించింది. నాలుగే కోస్తే మాత్రం అదే ఎగుడుదిగుడుకి "అటూ ఇటూ" 2.17 కేజీలు, అంటే సుమారు 4.7 బస్తాలు పైకీ, 4.7 కిందికీ. దానితో ఏ నిర్ణయమూ తీసుకోలేం.

గంప పట్టుకోలేని తప్పులు

ఇంటర్వల్ కాపాడేది ఒక్క దాని నుంచే, చీటీల అదృష్టం నుంచి. మిగతా తప్పుల నుంచి కాపాడదు. మంచి మడులే ఎంచుకుంటే తొమ్మిది కాదు తొంభై కోసినా గంప చక్కగా, చిన్నగా వచ్చి తప్పు చోట పడుతుంది.

తాడు దగ్గర జాగ్రత్త. తాడు మీద పడ్డ దుబ్బుని లోపలికి లాక్కోవడం మన చేతులకి అలవాటు. ముక్క చిన్నదైతే లోపలి దుబ్బులతో పోలిస్తే అంచు దుబ్బులు ఎక్కువ, తప్పు కూడా ఎక్కువ. మన దేశపు పంట లెక్కలకి పునాది వేసిన వాళ్లలో ఒకరైన పి.వి.సుఖాత్మే, మరీ చిన్న ముక్కలు కోస్తే దిగుబడి ఎక్కువగా కనపడుతుందని 1940లలోనే చూపించారు. అందుకే మీటరు చట్రంతో కోసి ఎకరానికి లెక్క కట్టే వీడియోల్ని నేను నమ్మను.

తూకం ఎండబెట్టాకే వేయండి, తొమ్మిదింటినీ ఒకేలా ఎండబెట్టండి. ఇంకోటి, ముక్కలో గింజ రాలకుండా చేత్తో కోస్తాం. చేనంతా మిషన్‌తో కోస్తే కొంత రాలిపోతుంది. కాబట్టి ఇల్లు చేరేది ముక్కలు చెప్పినదానికన్నా కాస్త తక్కువే ఉంటుంది. నేను కింది హద్దు మీద మాటివ్వడానికి ఇది కూడా కారణం.

ఎలుకలు కొట్టిన చోటో, పడిపోయిన చేనో చీటీలో వచ్చి, ఒక తూకం మిగతా వాటికి ఎక్కడో దూరంగా ఉంటే దాన్ని తీసేయకండి. ఇంకొన్ని చీటీలు తీసి ముక్కలు పెంచండి. కొద్ది కొలతలతో టి లెక్క సరిగ్గా పనిచేయాలంటే తూకాలు సగటుకి అటూ ఇటూ కాస్త సమంగా ఉండాలి.

"ఇది వేస్తే దిగుబడి పెరిగింది" అనే ముందు

మన ప్రకృతి సేద్యంలో ఈ మాట ఎన్నిసార్లు వింటామో మీకు తెలుసు. నేనూ అనేవాణ్ణి. నాలుగుసార్లు జీవామృతం ఇచ్చిన చోట, రెండుసార్లే ఇచ్చిన చోటకన్నా దిగుబడి పెరుగుతుందా అని పోయిన ఏడాది చూశాను. ఆరు మడుల్లో, ఒక్కో మడిని రెండుగా చేసి, ఏ సగానికి నాలుగుసార్లు ఇవ్వాలో బొమ్మ బొరుసు వేసి తేల్చాను. ఒకే మడిలో రెండూ ఉంటే నేల తేడా పోతుంది.

నాలుగుసార్లు ఇచ్చిన ముక్కలో వచ్చిన తూకంలోంచి రెండుసార్లు ఇచ్చినదాన్ని తీసేస్తే, కేజీల్లో తేడాలు: +0.9, −0.4, +1.2, +0.3, −0.7, +0.5

సగటు తేడా +0.3 కేజీ. ఎకరానికి అర బస్తాకి పైగానే. పాత నేనైతే "అర బస్తా పెరిగింది" అని వీడియో పెట్టేసేవాణ్ణి. ఇప్పుడు ఈ తేడాల మీద అవే ఐదు మెట్లు ఎక్కాను. ప్రామాణిక విచలనం 0.735. ఆరు వర్గమూలంతో భాగిస్తే 0.30. టి అంకె 2.571. "అటూ ఇటూ" 0.77. ఇంటర్వల్ −0.47 నుంచి +1.07.

సున్నా ఈ గంప కిందే ఉంది. అంటే అసలు తేడా ఏమీ లేకపోయినా ఇలాంటి అంకెలు రావచ్చు. అలాగని జీవామృతం ఎక్కువసార్లు ఇవ్వడం దండగ అని కూడా తేలలేదు. రెండు బస్తాలకి పైగా లాభం కూడా అదే గంప కింద ఉంది. "నా ఆరు మడులతో తేలలేదు" అన్నదే నిజాయితీ అయిన మాట. ఈ ఏడాది పన్నెండు మడుల్లో చూస్తాను.

మన పద్ధతిని తేలిక చేసి మాట్లాడే వాళ్లకి ఇలాంటి మాట ఆయుధం ఇస్తుందని కొందరు మిత్రులు అన్నారు. నాకు అలా అనిపించలేదు. "26 బస్తాలు" అని విని పొలం చేసి, 18 చూసినవాడు మళ్లీ యూరియా బస్తా దగ్గరికే వెళతాడు, పోతూ పోతూ పదిమందికి చెబుతాడు. "19 నుంచి 23 మధ్య, అదీ నా పొలంలో" అని విన్నవాడు 20 చూస్తే నిలబడతాడు.

ఇకమీదట నేను చెప్పే తీరు

ఛానల్‌లో ఇప్పుడు దిగుబడి గురించి చెప్పేటప్పుడు ఇలా చెబుతున్నాను: "ఈ సార్వాలో, మా 3 ఎకరాల్లో, చీటీలు తీసి కోసిన తొమ్మిది ముక్కల ప్రకారం సగటు 21.4 బస్తాలు, 95 శాతం నమ్మకంతో 19.1 నుంచి 23.7 మధ్య." వినడానికి పొడుగ్గానే ఉంటుంది. కానీ ఇందులో ఏ ఒక్క ముక్క తీసేసినా అది మళ్లీ నా పాత వీడియో అయిపోతుంది.

ఎవరైనా మీకు ఒక్క అంకె చెబితే మూడు ప్రశ్నలు అడగండి. ఎన్ని చోట్ల కోశారు? ఆ చోట్లు ఎవరు ఎంచారు? అటూ ఇటూ ఎంత? జవాబు రాకపోతే ఆ అంకె మీద కౌలు ఒప్పుకోకండి, అప్పు తేకండి.

ఆ కౌలు రైతుకి ఈ సంక్రాంతి ముందు నేనే ఫోన్ చేశాను. కొత్త పొలం చూస్తున్నానన్నాడు. కౌలు మాట్లాడేముందు ఆ పొలంలో ఇప్పుడున్న పంట కోతకి రాగానే వెళ్లి చీటీలు తీసి కోద్దామని చెప్పాను. మన పద్ధతిలోకి మారాక ఎంత వస్తుందో ఆ కొలత చెప్పదు. అయినా ఆ నేల ఇప్పుడు ఎంత ఇస్తోందో తెలిస్తే, 12 బస్తాల కౌలు మోయగలదో లేదో కనీసం ఆయన పొలం లెక్క మీద మాట్లాడుకోవచ్చు. "అన్నా, తొమ్మిది చోట్లా?" అన్నాడు. "తాడు నేను పట్టుకుంటాను, చీటీలు నువ్వు తియ్యి" అన్నాను.

మీ పొలంలో కూడా ఈ కోతకి కొలిచి చూడండి. తూకాలు కింద కామెంట్లో రాస్తే, ఐదు మెట్ల లెక్క మీతో కలిసి చేద్దాం. తక్కువ తూగినవి కూడా దాచకుండా రాయండి.